గడ్డి గులాబీ: నీళ్ళు తక్కువ, పూలు ఎక్కువ

ప్రతి సంవత్సరం జూన్‌లో బడులు తెరిచాక మన హాస్టల్‌లో మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. గులాబీ, మందారం, క్రోటన్లు తెచ్చి నాటుతాం. చుట్టూ ముళ్ళకంప పెడతాం. కొత్తలో పోటీలు పడి నీళ్ళు పోస్తాం. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోతాయి. పెట్టెలు సర్దుకుని ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోతాం. తిరిగి వచ్చేసరికి మొక్కలు ఉన్నచోట ఎండు పుల్లలు ఉంటాయి. ఇక్కడ చదివి వెళ్ళిన అన్నయ్యలు కూడా ఈ మాట ఒప్పుకుంటారు. ప్రతి బ్యాచ్ మొక్కలు నాటింది. ప్రతి వేసవీ వాటిని ఎండగట్టింది.

దీనికి తోడు నీటి కరువు. బోరు సన్నగా పోసే రోజుల్లో స్నానానికే బకెట్లు లెక్క పెట్టుకుంటాం. అలాంటప్పుడు గులాబీ మొక్కకు బిందెడు నీళ్ళు పోస్తుంటే పక్కవాడు కోపంగా చూస్తాడు. అతని కోపంలో తప్పు లేదు. అందుకని తోట పని చూసే విద్యార్థులం అందరం కూర్చుని, కొద్ది నీళ్ళతో బతికి పూలు కూడా పూసే మొక్క ఏదని ఆలోచించాం. జవాబు వంటగది వెనకే దొరికింది. మాకు వండిపెట్టే పెద్దమ్మ తన ఇంటి నుంచి తెచ్చి, పగిలిన బకెట్టులో గుచ్చిన నాలుగు కొమ్మలు అక్కడ గుత్తులుగా పూస్తున్నాయి. అదే గడ్డి గులాబీ. దాన్ని పెంచుతూ మేము నేర్చుకున్నవి, పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి కలిపి ఈ వ్యాసంలో చెబుతున్నాం.

ఏమిటీ మొక్క?

దీనికి ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు. కొందరు నాచు పువ్వు అంటారు. నర్సరీల్లో టేబుల్ రోజ్ అంటారు. పొద్దున పది గంటల ప్రాంతంలో విచ్చుకుంటుంది కాబట్టి పది గంటల పువ్వు అనేవాళ్ళూ ఉన్నారు. శాస్త్రీయ నామం పోర్చులాకా గ్రాండిఫ్లోరా. గ్రాండిఫ్లోరా అంటే లాటిన్ భాషలో పెద్ద పూలు గలది అని అర్థం. పువ్వు చూస్తే సుమారు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. మరి పెద్దది అని ఎందుకన్నారు? దాని చుట్టాల పూలతో పోలిస్తే పెద్దదే. ఆ చుట్టాల్లో ఒకటి మనందరికీ తెలుసు. పప్పులో వేసుకునే గంగవాయిలి కూర, కొన్ని చోట్ల పాయల కూర అంటారే, అది ఈ కుటుంబానిదే. గంగవాయిలి పువ్వు పసుపు రంగులో మిరియపు గింజంత ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది.

గడ్డి గులాబీ పుట్టిల్లు దక్షిణ అమెరికా. బ్రెజిల్ దక్షిణ భాగం, ఉరుగ్వే, అర్జెంటీనా దేశాల్లోని ఇసుక నేలల్లో ఇది తనంత తానుగా పెరుగుతుంది. జాన్ గిల్లీస్ అనే స్కాట్లాండ్ వైద్యుడు అర్జెంటీనాలోని మెండోజా ప్రాంతంలో దీన్ని చూసి సేకరించాడు. 1829లో విలియం జాక్సన్ హుకర్ అనే శాస్త్రవేత్త దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. అంత దూరం నుంచి వచ్చిన మొక్క ఇప్పుడు మన ఊళ్ళలో గోడల మీద, పాత డబ్బాల్లో సొంత మొక్కలాగా పెరుగుతోంది.

మొక్క జానెడు ఎత్తుకు మించదు. నేల మీద పాకుతూ పక్కలకు వెళుతుంది. ఆకులు సన్నని గొట్టాల్లా, కండగా ఉంటాయి. ఎరుపు, గులాబీ, నారింజ, పసుపు, తెలుపు రంగుల్లో పూస్తుంది. ఐదు రేకులుండేది ఒంటి రేక రకం. గులాబీలా ముద్దగా ఉండేది ముద్ద రకం. ఈ రంగులకు కారణం బీటాలైన్లు అనే పదార్థాలు. బీట్‌రూట్ కూర తిన్నాక మన వేళ్ళకు అంటుకునే రంగు కూడా ఈ జాతిదే. ఎర్ర తోటకూరలో, కాగితం పూలలో ఉండేదీ అదే. మందారంలోని ఎరుపు వేరే పదార్థం వల్ల వస్తుంది.

ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. ఎండ, వేడి రెండూ ఉంటేనే విచ్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు మొగ్గ ముడుచుకునే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక మూసుకుపోతుంది. అందువల్ల మాకు ఒక చిక్కు వచ్చింది. బడికి బయలుదేరేటప్పుడు మొగ్గలు, తిరిగి వచ్చేసరికి ముడుచుకున్న పూలు! నిండుగా చూడాలంటే ఆదివారం కోసం ఆగాల్సిందే. ఆదివారం నాడు విచ్చుకున్న పువ్వులోని కేసరాలను సన్నని పుల్ల చివరతో మెల్లగా తాకి చూడండి. అవి కదులుతాయి. అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం చూసి ఆశ్చర్యపోయే చిన్న తరగతుల పిల్లలకు ఇది కూడా చూపించవచ్చు.

కొద్ది నీళ్ళతో ఎలా నెట్టుకొస్తుంది?

మొక్క ఆకుల మీద కంటికి కనపడని పత్రరంధ్రాలు ఉంటాయని మనం పాఠంలో చదువుకున్నాం. ఆహారం తయారు చేసుకోవడానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ వాటిలోంచే లోపలికి వస్తుంది. లోపలి నీరు వాటిలోంచే బయటికి ఆవిరైపోతుంది. తలుపు తెరిస్తే నీరు పోతుంది, మూస్తే ఆహారం ఆగుతుంది. మొక్కలన్నింటికీ ఉన్న కష్టం ఇది.

గడ్డి గులాబీకి మూడు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది, కండగల ఆకుల్లో, కాడల్లో నీరు దాచుకోవడం. రెండవది, జొన్న, మొక్కజొన్న, చెరకు మొక్కల్లాగా సీ4 పద్ధతిలో ఆహారం చేసుకోవడం. ఈ పద్ధతిలో కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఒడిసిపట్టవచ్చు కాబట్టి నీటి నష్టం తగ్గుతుంది. మూడవది, నీటి ఎద్దడి వచ్చినప్పుడు రాత్రి పూట పని చేయడం. ఎండ లేని వేళ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. పగలు తలుపులు మూసుకుని ఆ నిల్వను వాడుకుంటుంది. ఈ మూడో పద్ధతిని క్యామ్ అంటారు.

ఈ క్యామ్ కథకు మన తెలుగు నేలతో సంబంధం ఉంది. ఆకు నుంచి పిల్ల మొక్కలు పుట్టే రణపాల గురించి బడిలో చదువుకున్నాం కదా! ఆ రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉంటుందని, పొద్దెక్కే కొద్దీ పులుపు పోతుందని బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త మన దేశంలో ఉండగా రుచి చూసి కనిపెట్టాడు. ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్‌లోని లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఈ హైన్ అంతకు ముందు ఈస్టిండియా కంపెనీ తరపున సామర్లకోట తోటలో పనిచేసినవాడే. రాత్రి పేరుకున్న ఆమ్లమే ఆ పులుపుకు కారణమని తరువాతి శాస్త్రవేత్తలు తేల్చారు.

ఒకే మొక్కలో సీ4, క్యామ్ రెండూ ఉండటం చాలా అరుదు. గడ్డి గులాబీ, గంగవాయిలి రెండింటిలోనూ అవి ఉన్నాయి. గంగవాయిలి ఆకులో ఈ రెండు పనులూ ఒకే కణాల్లో కలిసి జరుగుతాయని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపించారు.

మేము కూడా హైన్ చేసినట్టే చేసి చూశాం. కొన్ని రోజులు నీళ్ళు పోయని గంగవాయిలి ఆకును తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి కోసి, కడిగి నమిలాం. పొద్దుటి ఆకు బాగా పుల్లగా ఉంది. మీరూ చేయవచ్చు. కానీ గంగవాయిలి అని పెద్దవాళ్ళు చెప్పాకే నోట్లో పెట్టుకోండి. తుంచితే పాలు కారే మొక్క గంగవాయిలి కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. రాత్రి దాచుకున్న ఆ కొద్ది నిల్వతో మొక్క ప్రాణం మాత్రం నిలుపుకుంటుంది. కొత్త చిగుళ్ళు వేయడానికి, రోజూ పూయడానికి అది చాలదు. బతకడం వేరు, పూయడం వేరు. ఈ తేడా తెలియక మేము ఎలా నష్టపోయామో తరువాత చెబుతాం.

దేనిలో పెంచాలి? ఏ మట్టి కావాలి?

కుండీలు కొననక్కరలేదు. పగిలిన బకెట్టు, నూనె డబ్బా, పెయింటు డబ్బా ఏదైనా పనికొస్తుంది. తుప్పు పట్టి మూత ఊడిపోయిన ఒక ట్రంకు పెట్టె మా దగ్గర పడి ఉంటే దానిలోనూ పెంచాం. అన్నింటికంటే అందంగా పూసింది అదే. ఈ మొక్క వేళ్ళు లోతుకు పోవు కాబట్టి జానెడు లోతు సరిపోతుంది. అడుగున మాత్రం నాలుగైదు రంధ్రాలు తప్పకుండా ఉండాలి. డబ్బా కింద పళ్ళెం పెట్టవద్దు. అందులో నిలిచిన నీటిలో దోమలు పుడతాయి, పైన మొక్క వేరు కుళ్ళుతుంది.

మట్టి కోసం రెండు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. నల్లరేగడి అయితే ఇసుక ఇంకా ఎక్కువ కలపాలి. తడి మట్టిని గుప్పెట్లో పట్టి ముద్ద చేసి వదిలితే విడిపోవాలి. బంకగా అంటుకుని ఉంటే ఇసుక చాలలేదని అర్థం. ఎండ రోజుకు కనీసం ఆరు గంటలు తగలాలి. చెట్టు నీడన పెడితే కాడలు సాగుతాయి, పూలు రావు.

కొమ్మతో, విత్తనంతో

కొమ్మతో పెంచడం తేలిక. వేలు పొడవు కొమ్మను తుంచి, కింది సగం ఆకులు తీసేసి, తుంచిన చోట ఆరేదాకా కొన్ని గంటలు నీడలో ఉంచండి. తరువాత ఆకులు తీసిన భాగాన్ని మట్టిలో గుచ్చి, చుట్టూ వేళ్ళతో అదమండి. మట్టి కొద్దిగా తడిగా ఉంటే చాలు. మొదటి మూడు, నాలుగు రోజులు నేరుగా ఎండ పడనీయకండి. వారం, పది రోజుల్లో వేరు పడుతుంది. ముద్ద రకాన్ని కొమ్మతోనే పెంచాలి. దానికి విత్తనం పట్టడం తక్కువ, పట్టినా అదే ముద్ద పువ్వు వస్తుందన్న నమ్మకం లేదు.

ఒంటి రేక రకానికి విత్తనాలు బాగా వస్తాయి. పువ్వు రాలిన చోట చిన్న కాయ కడుతుంది. కాయ పండాక పై భాగం మూతలాగా ఊడి వస్తుంది. లోపల ఇసుక రేణువుల్లాంటి బూడిద రంగు విత్తనాలు ఉంటాయి. కాయ రంగు మారగానే కాగితం మీద దులుపుకోవాలి, ఆలస్యమైతే నేలపాలవుతాయి. విత్తనాలను మట్టి పైన చల్లి అరచేత్తో మెల్లగా అదిమితే సరి. పైన మట్టి కప్పవద్దు, అవి మొలవడానికి వెలుతురు కావాలి. చెంబుతో నీళ్ళు పోస్తే అన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. చేత్తో చిలకరించండి. ఒకటి, రెండు వారాల్లో దారం పోగుల్లా మొలుస్తాయి.

నీళ్ళు ఎప్పుడు పోయాలి?

మా దగ్గర మొదట్లో చచ్చిపోయిన మొక్కల్లో ఎక్కువ భాగం నీళ్ళు ఎక్కువై చచ్చిపోయినవే. ఇరవై మంది ఉన్నచోట ఇరవై మందీ ప్రేమగా తలా ఒక మగ్గు పోస్తారు. అందుకే నీళ్ళ పని వారానికి ఒకరికే అప్పగించాం.

రోజులు లెక్కపెట్టడం కన్నా మట్టిని చూడటం మేలు. చూపుడు వేలు ఒక అంగుళం లోపలికి గుచ్చండి. తడి తగిలితే పోయవద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోసి, మళ్ళీ ఆరేదాకా ఆగండి. ముదురు ఎండల్లో చిన్న డబ్బాలకు రెండు రోజులకొకసారి అవసరం కావచ్చు. నేల మీద నాటినవాటికి ఇంకా తక్కువ చాలు. వర్షాలు పడుతుంటే అసలు అక్కరలేదు.

మొక్క కూడా చెబుతుంది. దాహం వేస్తే ఆకులు సన్నబడి ముడతలు పడతాయి. నీరు పోస్తే తిరిగి నిండుకుంటాయి. నీరు ఎక్కువైతే ఆకులు పసుపు పచ్చగా మారి రాలతాయి, కాడ మొదలు మెత్తబడి నల్లగా అవుతుంది. అలా అయితే ఆ మొదలును కాపాడలేము. పైన గట్టిగా ఉన్న కొమ్మలు తుంచుకుని వేరే పొడి మట్టిలో నాటుకోవాలి.

మంచినీళ్ళే పోయాలని లేదు. వంటగదిలో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు వెంటనే పోయవచ్చు. కంచాలు కడిగిన నీళ్ళలో ఉప్పు, నూనె, సబ్బు ఉంటాయి కాబట్టి వద్దు.

ఎరువు, కత్తిరింపు, పురుగులు

ఎరువు ఎక్కువైతే ఆకులు బలుస్తాయి, పూలు తగ్గుతాయి. యూరియా అసలు వేయవద్దు. రెండు నెలలకొకసారి గుప్పెడు చివికిన ఎరువు చాలు. కొమ్మలు పొడవుగా సాగి చివర్లోనే పూస్తుంటే సగానికి కత్తిరించండి. రెండు, మూడు వారాల్లో పక్క కొమ్మలు వేసి మళ్ళీ గుబురుగా పూస్తుంది. కత్తిరించిన కొమ్మలన్నీ కొత్త మొక్కలే.

కణుపుల దగ్గర తెల్లని దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. కొద్దిగా ఉంటే తడి గుడ్డతో తుడిచేయండి. ఎక్కువైతే లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు బాగా కలిపి సాయంత్రం పూట చల్లండి. వారం తరువాత మరోసారి చల్లాలి.

వేసవి సెలవుల పరీక్ష

ఇప్పుడు మా నష్టం సంగతి. మొదటి వేసవికి మేము చాలా ధైర్యంగా ఊళ్ళకు వెళ్ళాం. కరువును తట్టుకునే మొక్క కదా, దానికేమవుతుంది అనుకున్నాం. డబ్బాలన్నీ ఎక్కడివి అక్కడే ఎండలో వదిలేశాం. జూన్‌లో వచ్చేసరికి కొన్ని తప్ప అన్నీ మాడిపోయాయి. ముద్ద రకం ఒక్కటీ మిగలలేదు. డబ్బాలోని కాస్త మట్టి నిప్పులా కాలి, వారాల తరబడి చుక్క నీరు లేకపోతే ఏ మొక్క నిలుస్తుంది?

డబ్బాల్లో మట్టి పారబోద్దామని అనుకుంటుండగానే వాన పడింది. కొన్ని రోజులకు ఆరో తరగతి తమ్ముడు ఒకడు పిలిచి చూపించాడు. ట్రంకు పెట్టెలో ఎర్రని సన్న మొలకలు వందల్లో ఉన్నాయి. రాలిన విత్తనాలు వేసవి అంతా మట్టిలో దాగి, వాన తడి తగలగానే మొలిచాయి. మొక్కలు పోయినా తోట పోలేదని మాకు అప్పుడు తెలిసింది.

మరుసటి వేసవికి ముందే సిద్ధమయ్యాం. మార్చిలో విత్తనాలు సేకరించి కాగితం పొట్లాల్లో కట్టి, రంగు పేరు రాసి పొడి సీసాలో పెట్టాం. వెళ్ళే పది రోజుల ముందు కొమ్మలు సగానికి కత్తిరించాం. ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నం నీడపడే తూర్పు గోడ పక్కన గొయ్యి తీసి, డబ్బాలను అంచు దాకా పూడ్చాం. నేలలో ఉంటే మట్టి అంతగా కాలదు. పైన చిన్న గులకరాళ్ళు పరిచాం. ముద్ద రకం కొమ్మలను ఊళ్ళోనే ఉండే స్నేహితుల ఇళ్ళలో తలా నాలుగు నాటించాం. కాపలా ఉండే అన్నను వారానికి ఒక్కసారి నీళ్ళు పోయమని అడిగాం. ఆ సంవత్సరం సగానికి పైగా బతికాయి. పూలు లేవు, ఆకులు ముడతలు పడి ఉన్నాయి. రెండుసార్లు నీళ్ళు తాగాక తేరుకుని, జూలై నాటికి పూత పట్టాయి.

తట్టుకుంటుంది అన్న మాట విన్నప్పుడు ఇప్పుడు మేము కాస్త ఆగి ఆలోచిస్తున్నాం. హాస్టల్ పిల్లలు ఎక్కడైనా సర్దుకుంటారు అని మన గురించి కూడా అంటుంటారు. సర్దుకుంటాం, నిజమే. కానీ కొద్దిగానైనా వేళకు అందితే పూస్తాం కూడా.

వార్షికోత్సవానికి వచ్చిన అన్నయ్యలకు, ఈ ఏడాది వెళ్ళిపోతున్న పదో తరగతి వాళ్ళకు ఒక మనవి. వెళ్ళేటప్పుడు తూర్పు గోడ దగ్గరికి వచ్చి మీకు నచ్చిన రంగువి రెండు కొమ్మలు తుంచుకోండి. తడి చేయకుండా కాగితంలో చుట్టుకుంటే ఒక రోజు ప్రయాణానికి ఏమీ కాదు. ఇంటికి చేరాక నాటండి. వేలు గుచ్చి చూశాకే నీళ్ళు పోయండి. మీ ఇంట్లో ముద్ద రకంలో మా దగ్గర లేని రంగు ఏదైనా ఉంటే, వచ్చే వార్షికోత్సవానికి ఒక కొమ్మ తెచ్చిపెట్టండి. ట్రంకు పెట్టెలో ఇంకా చోటు ఉంది.